కృష్ణాతీరమున రోమను నాణెములు

గద్వాల కోట బురుజుల క్రిందను, నల్లమల కొండగుహలలోను లంకెబిందెలు ఉన్నవను మాట వినని పిల్లవాడు పాలమూరు ప్రాంతమున ఉండడు. ఆ మాట నమ్మి అర్ధరాత్రివేళ పాడుపడిన గుడులను, కోటగోడలను త్రవ్వువారు నేటికిని కలరు. వారికి దొరకునది సామాన్యముగ మట్టియు, పోలీసు కేసును మాత్రమే. కాని వారి గునపము తగిలినచోట చరిత్ర చెడిపోవును. ఆ నష్టము ఎంతటిదో తెలియవలెనన్నచో, మన నేలలో నిజముగ దొరకిన ఒక విలువైన వస్తువును గూర్చి తెలిసికొనవలెను. అది రోమను నాణెము.

రెండువేల ఏండ్ల క్రిందట రోమను రాజ్యమున ముద్రింపబడిన వెండి, బంగారు నాణెములు కృష్ణా, తుంగభద్రా, గోదావరీ తీరముల మన పొలములలో దొరకినవి. నేటి నల్లగొండ జిల్లాలోని అక్కెనపల్లిలో ఒక్కచోటనే 1,531 వెండి నాణెములు బయటపడినవి. కరీంనగరము ప్రాంతమున నస్తుల్లాపూరులో 39 నాణెములు లభించినవి. పూర్వము కొల్లాపూరు తాలూకాలో ఉండి, నేడు వనపర్తి జిల్లాలో చేరిన వీపనగండ్ల పేరును రోమను నాణెములు దొరకిన ఊళ్ళ పట్టికలో కలదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1965లో ప్రకటించిన పరమేశ్వరీలాల్ గుప్తగారి గ్రంథము ఇట్టి నాణెములను ఒకచోట చేర్చి వర్ణించినది. ఈ నాణెములు ఇంత దూరము ఎట్లు వచ్చినవి? ఇక్కడివారు వానితో ఏమి చేసిరి? ఈ సంగతులు మనకెట్లు తెలియును?

నాణెము రూపము

రోమను వెండి నాణెమునకు డెనారియసు అనియు, బంగారు నాణెమునకు ఆరియసు అనియు పేరు. 25 డెనారియసులు ఒక ఆరియసునకు సమానము. ఒక డెనారియసునకు 4 సెస్టెర్సులు. అగస్టసు చక్రవర్తి కాలమున (క్రీ.పూ. 27 – క్రీ.శ. 14) డెనారియసు తూకము దాదాపు 3.9 గ్రాములు, ఆరియసు తూకము దాదాపు 7.8 గ్రాములు.

మన దేశమున దొరకిన వెండి నాణెములలో రెండు రకములు మిక్కిలి హెచ్చు. మొదటిది అగస్టసు ముద్రింపించినది. దాని ఒకవైపున చక్రవర్తి ముఖము, రెండవవైపున ఆయన మనుమలు, దత్తపుత్రులు నగు గాయసు, లూషియసు అనువారు డాళ్ళు, ఈటెలతో నిలుచున్న బొమ్మ ఉండును. రెండవది టైబీరియసు చక్రవర్తిది (క్రీ.శ. 14 – 37). దాని వెనుకవైపున ఒక స్త్రీ ఆసనముపై కూర్చుండి ఒక చేత దండమును, మరియొక చేత కొమ్మను పట్టుకొని యుండును. ఈ రెండు రకములును ప్రధానముగ నేటి ఫ్రాన్సు దేశములోని లియాన్ నగరపు టంకశాలలో తయారైనవి. అనగా లియాన్‌లో కొట్టిన నాణెము నల్లగొండ పొలములో నాగలికి తగిలినదన్నమాట.

వచ్చిన దారి

ఐగుప్తు దేశము క్రీ.పూ. 30లో రోమను పాలనలోనికి వచ్చినది. అప్పటినుండి ఎఱ్ఱసముద్రపు రేవుల ద్వారా భారతదేశముతో వర్తకము త్వరితముగ పెరిగినది. మయోస్ హార్మోస్ అను ఒక్క రేవునుండియే ఏటేట 120 ఓడలు భారతదేశమునకు పోవుచుండెనని స్ట్రాబో అను గ్రీకు రచయిత వ్రాసెను. ఈ ఓడలకు చోదకశక్తి ఋతుపవనము. నైరృతి గాలి వీచునప్పుడు బయలుదేరిన ఓడ అరేబియా దక్షిణపు కొననుండి నలుబది దినములలో కేరళ తీరములోని ముజిరిసు రేవును చేరునని ప్లినీ చెప్పెను. తిరుగు ప్రయాణము ఈశాన్యపు గాలితో. మన రైతునకు వాన తెచ్చు గాలియే రోమునకు మిరియములు తెచ్చినది.

మిరియములు, ముత్యములు, రత్నములు, దంతము, సన్నని నూలుబట్టలు ఇక్కడినుండి పోయినవి. క్రీ.శ. మొదటి శతాబ్ది మధ్యమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన ‘పెరిప్లసు’ అను సముద్రయాన గ్రంథము మసాలియా అను తీరప్రాంతమును పేర్కొని, అక్కడ సన్నని వస్త్రములు విస్తారముగ తయారగునని చెప్పినది. ఆ మసాలియా మన కృష్ణా ముఖద్వార ప్రాంతమే. అందుచే తీరమున దిగిన నాణెము కృష్ణానది వెంబడి పైకి, దక్కను లోపలికి వచ్చుటకు దారి ఉండెను. పడమటి తీరమున దిగిన నాణెములు భూమార్గమున తూర్పునకు వచ్చుటయు కలదు. కోయంబత్తూరు ప్రాంతమున దొరకిన రాశులు ఆ దారిని చూపుచున్నవి.

ఇంతటి వర్తకమునకు రోమునుండి ఏమి వచ్చెను? ద్రాక్షసారాయము, పగడములు, గాజు, రాగి, తగరము, సీసము వచ్చినవి. శాతవాహనుల నాణెములలో పెక్కు సీసముతో చేసినవి. భారతదేశమున సీసము లేదని, రత్నములనిచ్చి దానిని కొనుచుండిరని ప్లినీ వ్రాయుట గమనింపదగినది. వీనితో సరిపోని మూల్యమునకు నాణెములు వచ్చినవి.

ఏటేట భారతదేశము రోమను రాజ్యమునుండి 5 కోట్ల సెస్టెర్సులను హరించుచున్నదని ప్లినీ ఫిర్యాదు. విద్యార్థులు దీనిని లెక్క కట్టి చూడవచ్చును. 100 సెస్టెర్సులు ఒక ఆరియసు గనుక, 5 కోట్ల సెస్టెర్సులు 5 లక్షల ఆరియసులగును. ఒక్కొక్కటి 7.8 గ్రాముల చొప్పున అది 3,900 కిలోగ్రాముల బంగారము. ఆ మొత్తమంతయు నాణెముల రూపమున వచ్చెనని ఎంచరాదు. ప్లినీ విలాసములను నిందించుటకై వ్రాసినవాడు. కాని అతడు ఊరక గుండెలు బాదుకొనలేదనుటకు మరియొక సాక్ష్యము దొరకినది. వియన్నా నగరములో భద్రపరచబడి, 1985లో ప్రకటింపబడిన రెండవ శతాబ్దపు పపైరసు పత్రము ఒకటి ముజిరిసు వర్తకమునకు సంబంధించిన ఋణపత్రమును, హెర్మపోలాన్ అను ఓడ సరకుల లెక్కను చూపుచున్నది. ఆ ఒక్క ఓడ సరకు విలువ దాదాపు 70 లక్షల సెస్టెర్సులు.

టైబీరియసుతో ఏల ఆగినవి?

మన వెండి రాశులలో అగస్టసు, టైబీరియసుల నాణెములే అధికము. తరువాతి చక్రవర్తుల వెండి నాణెములు బహు తక్కువ. అంతటితో వర్తకము ఆగిపోయెనా?

కారణము నాణెములోనే కలదు. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి నాణెముల తూకమును తగ్గించెను. అంతకుముందు ఒక రోమను పౌను, అనగా దాదాపు 327 గ్రాముల వెండితో 84 డెనారియసులు చేయుచుండిరి. నీరో 96 చేయించెను. అనగా 3.9 గ్రాముల నాణెము 3.4 గ్రాములకు దిగినది. పైగా వెండిలో రాగి పాలు పెంచెను. రోములో చక్రవర్తి ఆజ్ఞచే క్రొత్త నాణెమును పాత విలువకే తీసికొనక తప్పదు. కృష్ణాతీరపు వర్తకునకు ఆ ఆజ్ఞతో పనిలేదు. అతడు త్రాసులో తూచి, లోహము చూచి తీసికొనును. అందుచే పాత మంచి నాణెములనే కోరెను. ఎగుమతి వర్తకులును పాతవానినే ఏరి తెచ్చిరి.

దీనినుండి ఒక హెచ్చరిక గ్రహింపవలెను. టైబీరియసు నాణెము దొరకినంతమాత్రమున అది టైబీరియసు కాలముననే వచ్చెనని చెప్పజాలము. అది ఏబది ఏండ్లో, నూరేండ్లో తరువాత వచ్చియుండవచ్చును. నాణెము ముద్రింపబడిన సంవత్సరమునకు ముందు అది భూమిలో పూడ్చబడి యుండదు అని మాత్రమే నిశ్చయముగ చెప్పగలము. రాశిలోని నాణెములన్నిటిలో మిక్కిలి క్రొత్తది ఏదో, ఆ రాశి పూడ్చబడినది దాని తరువాతనే. ఇది చరిత్రకారునకు మొదటి సూత్రము.

గంటు, చిల్లు, అచ్చు

రోమను నాణెములు ఇక్కడకు వచ్చి ఊరకుండలేదు. తమిళనాడులోని పుదుక్కోట వద్ద 1898లో దొరకిన 501 బంగారు నాణెములలో అధికభాగము మీద చక్రవర్తి ముఖముపై ఉలితో గంటు పెట్టబడి యున్నది. లోపల నికృష్టలోహమున్నదేమోయని పరీక్షించుటకు అట్లు గంటు పెట్టిరని కొందరును, ఇకపై అది నాణెముగ చెల్లరాదని రద్దుచేయుటకని కొందరును చెప్పిరి. చర్చ నేటికిని ముగియలేదు.

మరికొన్ని నాణెములకు చిల్లులు, కొక్కెములు కలవు. వానిని పతకములుగ మెడలో ధరించిరి. బంగారు కాసులపేరు ధరించు మన ఆచారమును ఎరిగినవారికి ఇందు వింత తోచదు. నాణెమునకు నకళ్ళును కలవు. నేటి సంగారెడ్డి జిల్లాలోని కొండాపురములో 1940–42 ప్రాంతమున జరిగిన త్రవ్వకములలో అగస్టసు బంగారు నాణెముతోపాటు, టైబీరియసు నాణెమునుబట్టి మట్టితో చేసిన ముద్రికలును లభించినవి. బంగారము కొనలేనివారు మట్టి పతకముతో తృప్తిపడిరి కాబోలు!

నాణెము మన భాషలోనికిని వచ్చినది. డెనారియసు అను మాటయే సంస్కృత ప్రాకృతములలో దీనారమైనది. నాగార్జునకొండలోని ఇక్ష్వాకుల కాలపు శాసనమొకటి ‘దీనారి మాషకముల’ దానమును పేర్కొనుచున్నది. విదేశపు నాణెము పేరు బౌద్ధ భిక్షువుల దానశాసనములోనికి ఎక్కినదనగా, అప్పటికి అది ఆ ప్రాంతపు జనుల నోట నలిగిన మాటయై యుండవలెను. నాగార్జునకొండలో టైబీరియసు, హేడ్రియను చక్రవర్తుల బంగారు నాణెములును దొరకినవి.

కోట క్రింద లోయ

మరల కోటలు, గుహల మాటకు వత్తము. కోట దగ్గర, గుహల దగ్గర రోమను నాణెములు నిజముగ దొరకిన స్థలమొకటి మన సరిహద్దునకు ఆవల కలదు. అనంతపురము జిల్లాను ఆనుకొనియున్న కర్ణాటకలోని చిత్రదుర్గమున, గొప్ప కొండకోట ప్రక్కన చంద్రవళ్ళి అను లోయ కలదు. అక్కడ అంకళిమఠము అను గుహాశ్రమమును ఉన్నది. ఆ లోయలో ఎం. హెచ్. కృష్ణగారు 1929లో, మార్టిమర్ వీలర్ 1947లో త్రవ్వకములు జరిపిరి. శాతవాహనుల సీసపు నాణెములతోపాటు అగస్టసు, టైబీరియసుల డెనారియసులు లభించినవి.

కథలు చెప్పువాడు వీనిని కోటలోని రాజుగారి నిధియనును. కాని చిత్రదుర్గపు నాయకులు పాలించినది 16–18 శతాబ్దులలో. నాణెములు వారికంటె పదునైదువందల ఏండ్లు పాతవి. అవి కోటకు చెందినవి కావు, గుహకు చెందినవి కావు. అప్పటికి ఆ లోయలో ఉండిన పట్టణమునకు చెందినవి. గద్వాల విషయమును ఇట్టిదే. నేడు మనము చూచు కోట సోమనాద్రి కాలమునాటిది, అనగా 18వ శతాబ్ది తొలినాళ్ళది. గద్వాల, వనపర్తి సంస్థానములు నిజాము పాలనలో తమ టంకశాలలలో నాణెములు ముద్రింపించినవి. ఆ కోటలలో ఆ కాలపు రూపాయలు దొరకిన ఆశ్చర్యము లేదు. రోమను నాణెము కావలెనన్నచో కోటగోడ త్రవ్వి ప్రయోజనము లేదు. రెండువేల ఏండ్లనాటి ఊళ్ళు నదీతీరపు పాటిమట్టి దిబ్బలలో ఉన్నవి.

చంద్రవళ్ళి మరియొక పాఠము నేర్పుచున్నది. అక్కడి నాణెములు నిర్ణీతమైన మట్టిపొరలలో, నిర్ణీతమైన కుండపెంకులతోపాటు లభించినవి. నాణెమునకు కాలము తెలియును గనుక ఆ పెంకులకును కాలము తెలిసినది. ఆ పెంకులు మరియొక ఊరిలో దొరకినచో, అక్కడ నాణెము లేకపోయినను ఆ పొర కాలమును ఊహింపవచ్చును. వీలర్ 1945లో పుదుచ్చేరి వద్ద అరికమేడులోను, 1947లో బ్రహ్మగిరి, చంద్రవళ్ళులలోను చేసిన పని ఇదియే. దక్షిణాపథపు ప్రాచీన చరిత్రకు కాలనిర్ణయము ఆ విధముగ కుదిరినది. కరగించిన నాణెము నుండి బంగారము మాత్రమే వచ్చును. పొరలో దొరకిన నాణెము నుండి దేశపు పంచాంగము వచ్చును.

పోయినవి, మిగిలినవి

1780 దశకమున నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ళగుట్ట ప్రక్కన దున్నుచుండగా నాగలి ఇటుకకట్టునకు తగిలినది. త్రవ్విచూడ చిన్న గుడి శిథిలమును, దాని క్రింద ఒక చిన్న కుండయు కనబడినవి. కుండలో రెండవ శతాబ్దపు రోమను బంగారు నాణెములుండెను. రైతు వానిని పాతబంగారముగ అమ్మివేసెను. పెక్కు కరగిపోయినవి. ఆర్కాటు నవాబు కుమారుడైన అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా నాణెములను తిరిగి సంపాదింపగలిగెను. ట్రేజను, హేడ్రియను, ఫౌస్టీనాల నాణెములు వానిలో ఉండెనని, అప్పట్లో చెన్నపట్టణపు గవర్నరుగ ఉండిన అలెగ్జాండర్ డేవిడ్సన్ వ్రాసి ఉంచెను. కుండలో మొత్తము ఎన్ని ఉండెనో, వానిలో మిక్కిలి క్రొత్తది ఏదో ఇక ఎవరును చెప్పలేరు. ఆ రైతును తప్పుపట్టుటకు లేదు. అతనికి ఎవరును చెప్పియుండలేదు.

మన ప్రాంతమున నష్టము మరియొక విధముగ కూడ కలిగినది. కృష్ణా లోయలో నాగార్జునసాగరము, శ్రీశైలము జలాశయములు ఏర్పడినప్పుడు పెక్కు ప్రాచీన స్థలములు నీటిపాలైనవి. నాగార్జునకొండలో 1954–60 నడుమ ఆర్. సుబ్రహ్మణ్యముగారి ఆధ్వర్యమున విస్తారమైన త్రవ్వకములు జరిపి, దొరకినవానిని కొండపై ప్రదర్శనశాలలో ఉంచిరి. శ్రీశైలము మునక ప్రాంతమున కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతిరాయిగ విప్పి ఆలంపురమునకు తరలించిరి. నాగరుకర్నూలు వైపునకు ఎదుట, కర్నూలు జిల్లా ఒడ్డున ఉండిన వీరాపురములో బిర్లా పురావస్తు పరిశోధన సంస్థవారు 1980 ప్రాంతమున త్రవ్వకములు జరిపిరి. బృహచ్ఛిలాయుగము మొదలు శాతవాహన, ఇక్ష్వాకు కాలముల వరకు వరుసగ జనులు నివసించిన ఊరు అది. మహారథులను స్థానిక పాలకుల నాణెములు అక్కడ వెలువడినవి; రోమను నాణెములును లభించినవి. ఆ త్రవ్వకము ఆలస్యమైయున్నచో ఇవన్నియు నీటి అడుగుననే ఉండిపోయెడివి. గుడిని తరలింపవచ్చును గాని మట్టిపొరను తరలింపలేము. అందుచే మునుగక మిగిలిన దిబ్బలకు విలువ హెచ్చినది. వాని మట్టిని ఇటుకబట్టీలకు, పొలములకు తోలునప్పుడు ఈ సంగతి గుర్తుండవలెను.

పాఠశాలలో చేయదగినది

నాణెమును కరగింపకయే లోహమును పరీక్షింపవచ్చునని చూపుట ఉపాధ్యాయులకు తేలిక. ఆర్కిమిడీసు సూత్రమే చాలును. బంగారము సాంద్రత 19.3, వెండిది 10.5. 7.8 గ్రాముల మేలిమి బంగారు నాణెమును దారముతో కట్టి నీటిలో తూచినచో 0.40 గ్రాము తగ్గును. అందులో సగము తూకము వెండి యైనచో తగ్గుదల 0.57 గ్రాము. బడిలోని త్రాసుతో పాత రాగికాసులను తూచి ఈ పద్ధతిని నేర్పవచ్చును. నేటి ప్రయోగశాలలలో ఎక్స్ కిరణములను నాణెముపై ప్రసరింపజేసి, తిరిగివచ్చు కిరణములనుబట్టి దానిలోని లోహములను, వాని పాళ్ళను కొలుచుచున్నారు. నాణెమునకు గీతయైనను పడదు.

పొలములో పాతనాణెము కనబడినచో ఏమి చేయవలెను? చింతపండుతోగాని, బూడిదతోగాని తోమరాదు. తోమినచో అక్షరములు అరిగిపోవును, అంటుకొనిన మట్టి చెప్పు సాక్ష్యము పోవును. దొరకిన స్థలమును, లోతును, ప్రక్కనున్న కుండపెంకులను గుర్తించి వ్రాసికొనవలెను. ఇంకను త్రవ్వరాదు. తహసీలుదారు ద్వారా కలెక్టరునకు, పురావస్తుశాఖకు తెలుపవలెను. 1878 నాటి భారత నిధినిక్షేప చట్టము ప్రకారము పది రూపాయలకు మించిన నిధి దొరకినప్పుడు తెలుపుట విధి, దాచుట శిక్షార్హము. దొరకినవానికి హక్కే లేదనుకొని భయపడి దాచువారు పెక్కుమంది. కాని నిధిని ప్రభుత్వము తీసికొనునప్పుడు లోహపు విలువను, దానిపై అయిదవ వంతును చెల్లించుటకు ఆ చట్టములోనే ఏర్పాటు కలదు. ఈ సంగతిని తరగతిలో చెప్పినచో పిల్లలు ఇంట చెప్పుదురు.

లియాన్ టంకశాలలో ఒక పనివాడు కొట్టిన వెండిబిళ్ళ ఐగుప్తు ఎడారిని, అరేబియా సముద్రమును, దక్కను పీఠభూమిని దాటి కృష్ణాతీరపు వర్తకుని త్రాసులో పడినది. అతడు దానిని ఏ ఆపదకు భయపడి కుండలో పెట్టి పూడ్చెనో, తిరిగి తీయుటకు ఏల రాలేకపోయెనో. అతని పేరు మనకు దక్కలేదు. అతడు పూడ్చిన చోటు మాత్రము మన చేతిలో ఉన్నది.